రాన్సమ్‌వేర్ – 3వ పాఠం: ఫైళ్లు ఆగుతాయి, పాస్‌వర్డులు ఆగవు

ఫైళ్లకు తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ఏయే దారుల్లో కంప్యూటర్‌లోకి వస్తుందో గత పాఠంలో చూశాం. వచ్చేశాక ఏమి చేయాలో ఈసారి చూద్దాం. అన్ని రకాలనూ కలిపి చెబితే ఏదీ ఒంటబట్టదు. అందుకే ఇళ్లలోని కంప్యూటర్లను విపరీతంగా పీడించిన ఒక్క రాన్సమ్‌వేర్ కుటుంబాన్నే తీసుకుందాం. దాని పేరు స్టాప్. డిజెవియు అని కూడా అంటారు. వార్తల్లో కనిపించేవి ఆసుపత్రులనూ పెద్ద కంపెనీలనూ పట్టే ముఠాలు. ఇది అలాంటిది కాదు. లైసెన్సు కొనకుండా పని గడుపుకుందామని దించుకున్న క్రాక్ సాఫ్ట్‌వేర్ల వెంట వస్తుంది. ఫొటో ఎడిటింగ్, వీడియో ఎడిటింగ్, చివరికి విండోస్ యాక్టివేషన్ పేరుతో తిరిగే పనిముట్లు, ఇవే దాని వాహనాలు.

ముందు దాన్ని గుర్తుపట్టాలి. సంక్రాంతి.జెపిజి అనే ఫొటో ఉంటే, ఆ పేరు చివర మరో చుక్క, దాని తర్వాత అర్థం లేని నాలుగు అక్షరాలు వచ్చి చేరతాయి. ఆ అక్షరాలు కొత్త రకం వచ్చినప్పుడల్లా మారతాయి. మారనిది ప్రతి ఫోల్డర్‌లోనూ వదిలిపోయే చీటీ, రీడ్‌మీ అనే చిన్న టెక్స్ట్ ఫైలు. ఎక్కువ రకాల్లో అందులో ఉండేది ఒకే మాట: 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లోపు ఉత్తరం రాస్తే 490 డాలర్లే. దోచుకునేవాడు కూడా ఆషాఢమాసం తగ్గింపు ప్రకటించడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ 72 గంటలు దాటితే ఫైళ్లు ఏమీ చెరిగిపోవు. గడువు పెట్టింది మీ చేత ఆలోచించకుండా కట్టించడానికి.

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. తాళం పడిన ఫైలు రేపటికీ అలాగే ఉంటుంది, వచ్చే ఏడాదికీ అలాగే ఉంటుంది. కానీ స్టాప్ తరచుగా ఒంటరిగా రాదు. మొదట్లో అజోరల్ట్, తర్వాత విడార్ అనే పాస్‌వర్డ్ దొంగలను వెంటపెట్టుకుని వచ్చింది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, లాగిన్ అయి ఉన్నట్టు సైట్లకు చెప్పే కుకీలు ఇవి ఎత్తుకెళ్లేవి. అందరూ పెళ్లి ఫొటోల కోసం కంగారుపడుతూ ఉంటారు. ఈలోగా మెయిల్ ఖాతా చేతులు మారిపోతుంది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. వైఫై ఆపండి, కేబుల్ ఉంటే లాగేయండి, తగిలించి ఉన్న పెన్ డ్రైవ్‌నూ బయటి హార్డ్ డిస్క్‌నూ తీసేయండి. వెంటనే ఫోను అందుకోండి. మొదట మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతా ఖాతాల పాస్‌వర్డులన్నీ ఆ మెయిల్ ద్వారానే మార్చుకోవచ్చు. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగిలినవి. ప్రతిచోటా అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసే సదుపాయాన్ని కూడా నొక్కండి; కుకీ పోయినప్పుడు పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే చాలకపోవచ్చు. ఈ పని అదే కంప్యూటర్‌లో చేస్తే కొత్త పాస్‌వర్డ్‌ను కూడా దొంగ చేతికి ఇచ్చినట్టే. ఖాతాలో డబ్బు పోయిందని తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయడం వెంటనే జరగాలి.

కంప్యూటర్‌ను ఆపేయాలా, అలాగే ఉంచాలా? దీని మీద రెండు రకాల సలహాలు వినిపిస్తాయి, రెంటికీ కారణం ఉంది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది; ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అప్పుడు పాత విండోస్‌లలో యంత్రాన్ని ఆపకుండా ఉంచినవారికి కొన్నిసార్లు మెమరీలో మిగిలిన ఆనవాళ్ల నుంచి తాళంచెవి దొరికింది. స్టాప్ విషయంలో అలాంటి ఆశ పెట్టుకోనక్కరలేదు. ఇది పని చేస్తున్నంతసేపూ తెర మీద దొంగ విండోస్ అప్‌డేట్ కిటికీ చూపించవచ్చు, డిస్క్ దీపం ఆగకుండా వెలుగుతుంది. ఇంకా ఫైళ్ల పేర్లు మారుతూ ఉంటే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి, మిగిలినవైనా దక్కుతాయి. నెట్ తీసేసినంత మాత్రాన ఎన్‌క్రిప్షన్ ఆగదు. అంతా అయిపోయి ఉంటే తొందరేమీ లేదు.

ఇక అసలు పాఠం. స్టాప్ మొదలవగానే దొంగలు నడిపే తన సర్వర్‌ను తాళంచెవి అడుగుతుంది. సర్వర్ పలికితే మీ ఒక్కరికే ప్రత్యేకమైన చెవి వస్తుంది, దీన్ని ఆన్‌లైన్ కీ అంటారు. పలకకపోతే తనలోనే దాచుకున్న చెవి వాడుతుంది, అది ఆఫ్‌లైన్ కీ. ఆ రకం బారినపడి సర్వర్ అందని వాళ్లందరికీ అదే చెవి. మీది ఏదో తెలుసుకోవడానికి చీటీ అడుగున ఉన్న పర్సనల్ ఐడీ చూడండి. చివరి రెండు గుర్తులు టి, 1 అయితే అది ఆఫ్‌లైన్. సి డ్రైవ్‌లో సిస్టమ్‌ఐడీ అనే ఫోల్డర్ ఉంటే దాన్నీ తెరవండి. అందులోని ఫైల్లో రెండు మూడు ఐడీలు ఉంటే, కొన్ని ఫైళ్లు ఒక చెవితో, కొన్ని మరో చెవితో పోయాయని అర్థం. ఒకటి ఆన్‌లైన్ అయినా రెండోది ఆఫ్‌లైన్ కావచ్చు, అందుకే అన్ని వరుసలూ చూడాలి.

ఎమ్సిసాఫ్ట్ సంస్థ 2019 అక్టోబరులో 148 రకాలకు ఉచిత డిక్రిప్టర్ (తాళం తీసే పనిముట్టు) విడుదల చేసింది. దొంగలు అదే ఏడాది ఆగస్టు చివరిలో తాళం వేసే పద్ధతి మార్చుకున్నారు. అప్పటి నుంచి వచ్చిన రకాల్లో ఆఫ్‌లైన్ కీ పడినవాళ్లకే ఆశ, అదీ బాధితుల్లో ఎవరైనా డబ్బు కట్టి, దొరికిన చెవిని సంస్థకు అందజేసినప్పుడే. అంటే ఈరోజు తెరుచుకోని ఫైలు కొన్నాళ్లకు తెరుచుకోవచ్చు. అందుకే తాళం పడిన ఫైళ్లను, చీటీని, సిస్టమ్‌ఐడీ ఫోల్డర్‌ను వేరే డిస్క్‌లోకి కాపీ చేసి దాచండి. రిపేరు దుకాణానికి తీసుకెళ్తే చాలాచోట్ల మొదట చేసే పని ఫార్మాట్ కొట్టడం. ఈ కాపీ చేతిలో లేకుండా దుకాణం గడప తొక్కకండి.

2019 ఆగస్టుకు ముందే తాళం పడిన డిస్క్ ఏదైనా బీరువాలో ఉండిపోయిందా? దానికి జత కావాలి: ఒకే ఫైలు తాళం పడిన కాపీ, పడని కాపీ, రెండూ 150 కిలోబైట్లకు మించినవి. వాట్సాప్‌లో పంపిన ఫొటో పనికిరాదు, అది కుదించుకుపోయి ఉంటుంది. మెయిల్‌లో జతచేసినది, కెమెరా కార్డులో మిగిలినది పనికొస్తాయి.

డిక్రిప్టర్‌ను వెతకడంలో మరో గొయ్యి ఉంది. 2020లో జోరాబ్ అనే రాన్సమ్‌వేర్, స్టాప్‌కు డిక్రిప్టర్‌నంటూ తిరిగింది. నడిపినవాళ్ల ఫైళ్లకు రెండో తాళం పడింది. ఎమ్సిసాఫ్ట్ సైటు నుంచో, 2016లో డచ్ పోలీసులు, యూరోపోల్ తదితరులు మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటు నుంచో తప్ప ఇంకెక్కడి నుంచీ దించుకోకండి. ఆ సైట్లు మీ కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే ఆశ్చర్యం లేదు: ఏ సైటు పేరు ఏ చిరునామాకు వెళ్లాలో విండోస్‌కు చెప్పే హోస్ట్స్ ఫైలును స్టాప్ మార్చి భద్రతా సైట్లను అడ్డుకుంటుంది. డిక్రిప్టర్ నడిపే ముందు యాంటీవైరస్‌తో శుభ్రం చేయడం తప్పనిసరి, ఎందుకంటే స్టాప్, ప్రోగ్రాములను సమయానికి నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పని పెట్టుకుని మళ్లీ మళ్లీ లేస్తూ ఉంటుంది.

ఆన్‌లైన్ కీ పడినా పెద్ద ఫైళ్ల మీద ఆశ వదులుకోనక్కరలేదు. స్టాప్ తొందరలో ప్రతి ఫైలు మొదటి 150 కిలోబైట్లు మాత్రమే చెడగొడుతుంది. గంట పెళ్లి వీడియోలో అది ఏ మూలకు? డిస్క్‌ట్యూనా వారి మీడియా రిపేర్ అనే ఉచిత పనిముట్టుకు అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి ఇస్తే, చాలాసార్లు చిత్రం తిరిగి వస్తుంది. పెద్ద జిప్ ఫైలైతే పేరు చివరి అక్షరాలు తీసేసి సెవెన్‌జిప్ అనే ప్రోగ్రామ్‌తో తెరిచి చూడండి, మొదటి ఒకటి రెండు తప్ప మిగతావి బయటికి రావచ్చు. చిన్న వర్డ్ ఫైళ్లు మాత్రం దాదాపు పూర్తిగా పోయినట్టే.

అభ్యాసం: ఒకరి సిస్టమ్‌ఐడీ ఫైల్లో రెండు వరుసలున్నాయి. మొదటిది టి1తో ముగిసింది, రెండోది కాదు. డిక్రిప్టర్ నడిపితే డెస్క్‌టాప్ మీది ఫొటోలు తెరుచుకున్నాయి, డి డ్రైవ్‌లోవి తెరుచుకోలేదు. ఎందుకు? డి డ్రైవ్‌లో 2 జీబీ వీడియోలు, 80 కిలోబైట్ల వర్డ్ ఫైళ్లు ఉన్నాయి. దేని మీద సమయం పెడతారు? జవాబులతో 4వ పాఠం మొదలవుతుంది, ఆ తర్వాత బ్యాకప్ సంగతి.