బెంగళూరు నుంచి సందక్‌ఫు ట్రెక్: తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టండి

బెంగళూరులో మన తెలుగువాళ్లకు ట్రెక్ అంటే ఎక్కువగా శనివారం రాత్రి బయల్దేరి స్కందగిరి ఎక్కి, ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరడమే. వరసగా నాలుగు రోజులు నడవాలంటే లెక్క వేరు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను పశ్చిమ బెంగాల్‌లోని సందక్‌ఫు చెబుతాను. ఎత్తు 3,636 మీటర్లు. దారి నేపాల్ సరిహద్దు వెంబడే సాగుతుంది. రాత్రిళ్లు లాడ్జీలుంటాయి, టెంట్ మోయక్కర్లేదు. ఆకాశం తేటగా ఉంటే పైనుంచి ఎవరెస్ట్, కాంచన్‌జంగ, లోత్సే, మకాలూ నాలుగూ కనిపిస్తాయి.

ముందు నెల తేల్చుకోండి. దారి సింగాలీలా నేషనల్ పార్క్ లోంచి వెళ్తుంది, జూన్ 16 నుంచి సెప్టెంబర్ 15 దాకా దాన్ని మూసేస్తారు. శిఖరాలు చూడాలంటే అక్టోబర్, నవంబర్. కొండంతా పూలు చూడాలంటే ఏప్రిల్.

తర్వాత టికెట్లు, అదీ తిరుగు టికెట్ ముందు. నడక శ్రీఖోలాలో ముగుస్తుంది. అక్కడి షేర్ జీపులు పొద్దున్నే వెళ్లిపోతాయి. మొదటిసారి నేను జీపు ఎక్కే రోజు సాయంత్రానికే ఫ్లైట్ బుక్ చేశాను. ఘాట్ రోడ్డులో జీపు గంటల తరబడి ఆగిపోయింది, ఫ్లైట్ వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఆ రాత్రి కొండ కింద ఉన్న సిలిగురి పట్టణంలో ఉండి, మర్నాడే ఇంటికి బయల్దేరుతున్నాను. మీరూ ఆ ఒక్క రోజు ఖాళీగా ఉంచుకోండి.

వెళ్లేటప్పుడు సిలిగురి పక్కనున్న బాగ్డోగ్రా ఎయిర్‌పోర్ట్‌కు ఫ్లైట్ సుమారు మూడు గంటలు. రైలైతే న్యూ జల్పాయిగురికి దాదాపు రెండు రోజులు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సిలిగురి నుంచి జీపులో మిరిక్, సుఖియాపోఖ్రి మీదుగా, నడక మొదలయ్యే మానేభంజాంగ్ చేరి, రాత్రి అక్కడే పడుకోండి. గైడ్ తప్పనిసరి. పార్క్ టికెట్ కూడా అక్కడే తీసుకోవాలి. ఓటరు కార్డు గానీ పాస్‌పోర్ట్ గానీ ఒరిజినల్ ఉంచుకోండి, దారిలో జవాన్లు అడుగుతారు. డబ్బు సిలిగురిలోనే డ్రా చేసుకోండి, పైన ఏటీఎంలు ఉండవు.

ప్రాక్టీసుకు నెలన్నర చాలు. ఏడెనిమిది కిలోల బ్యాగు వేసుకుని అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగండి. ఆదివారాలు నంది కొండ మెట్ల దారి పట్టండి. ట్రెక్‌కు వేసుకునే బూట్లతోనే చేయండి, కొత్త బూట్లు పైన బొబ్బలెక్కిస్తాయి. బ్యాగులో రెయిన్‌కోట్, మందపాటి జాకెట్, కాస్త కందిపొడి తప్పకుండా పెట్టుకోండి. రోజూ అన్నం, పప్పే పెడతారు, మూడో రోజుకు ఆ పొడి విలువ తెలుస్తుంది.

నడక ఇలా పంచుకోండి: మొదటి రోజు తుమ్లింగ్, రెండో రోజు కాలీపోఖ్రి, మూడో రోజు సందక్‌ఫు. మూడో రోజు దూరం ఆరు కిలోమీటర్లే, కానీ చివర్లో నిట్టనిలువు ఎక్కుడు. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడవండి. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి వెళ్లకండి, గైడ్‌తో చెప్పండి. తగ్గకపోతే కిందికి దిగడమే మందు. ఆ మాట చెప్పడానికి మొహమాటపడకండి.

నాలుగో రోజు గుర్దుమ్ మీదుగా దిగుడు. మోకాళ్ల మీద భారమంతా ఆరోజే, చేతికర్ర తప్పదు. శ్రీఖోలా చేరగానే, స్నానం కంటే ముందు, లాడ్జీవాళ్లకు చెప్పి మర్నాటి జీపులో సీటు పట్టుకోండి.