కేటలీనా నీళ్ల మీద దిగనంటోందా? ముందు బరువు చూడండి

రోల్‌ప్లేయింగ్ ఆటలోకి యుద్ధకాలపు సీప్లేన్‌ను తెచ్చారు, ఆ రోజు నుంచి ఆట పాడైంది. ఈ రిపేరు నేను బరంపురంలో మా ఆదివారం బల్ల దగ్గర చేశాను, పర్లాకిమిడి కుర్రాళ్ల బల్ల దగ్గరా చేశాను. పాచికలు, క్యారెక్టర్ షీట్లు, గేమ్ మాస్టర్ పని మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను. ఉదాహరణకు కేటలీనా తీసుకుంటాను, రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం మీద కాపలా తిరిగిన, నీళ్ల మీద దిగే అమెరికా విమానం. అదే కాలపు బ్రిటిష్ సీప్లేన్ సండర్లాండ్ అయినా మందు ఇదే.

సమస్య: పైలట్ ఒక్కడే ఆడుతున్నాడు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు

రూల్స్ మార్చకండి. సీట్లు పంచారా? ప్రతిసారీ ఇదే అడుగుతాను, ప్రతిసారీ "లేదన్నా" అనే వినిపిస్తుంది. కేటలీనాలో ఏడెనిమిది మంది ఎక్కేవారు. ఫ్లైట్ ఇంజనీర్ చోటైతే రెక్కను మోసే స్తంభంలోనే. అక్కడి నుంచి అతను పైలట్‌కి కనపడడు. పైలట్ ఒకటి అడుగుతాడు, ఇంజనీర్ ఇంకొకటి చేస్తాడు, బల్ల చుట్టూ గోల మొదలవుతుంది. వెనక రెండు పక్కలా బుడగల్లాంటి అద్దాల కిటికీలు ఉంటాయి, అవి కాపలాకి, తుపాకులకి. ఇక నేవిగేటర్, రేడియో ఉన్నారు.

రేడియో సీటు బోరు అనేవాడికి 1942 ఏప్రిల్ 4 సంగతి చెప్పండి. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వైపు వస్తున్న జపాన్ నౌకాదళాన్ని ఒక కేటలీనా కనిపెట్టింది. కబురు పంపుతుండగానే దాన్ని కూల్చేశారు. మరో రెండు రోజులకి విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు పడ్డాయి.

సమస్య: ఒక్క రౌండ్‌లో విమానం మ్యాప్ దాటిపోతోంది

దాటిపోక ఏం చేస్తుంది? మామూలుగా గంటకి 200 కిలోమీటర్లు పోయే యంత్రం అది. 6 సెకన్ల రౌండ్‌లో 330 మీటర్ల పైన పోతుంది, అంటే అయిదడుగుల గళ్లు 220. గాలిలో ఉన్నంతసేపు గళ్ల కాగితం మడిచి పక్కన పెట్టండి. "దూరం, దగ్గర, మీద పడ్డాడు" అనే మూడు మాటలు చాలు.

సమస్య: విమానం నీళ్ల మీద దిగడమే లేదు, ఏ చిక్కు పెట్టినా ఎగిరి తప్పించుకుంటోంది

నన్ను కాల్చింది ఇదే. మా కథ 1942లో, జపాన్ వాళ్లు అండమాన్ పట్టుకున్నాక మొదలవుతుంది. ఆటగాళ్లకి చిలికా సరస్సులో దాచిన కేటలీనా ఇచ్చాను. పని పోర్ట్ బ్లెయిర్ వెళ్లి రావడం. వాళ్లు బాంబులన్నీ వేసుకుని వెళ్లారు, వేశారు, వెతికారు, ఖైదీలను ఎక్కించుకున్నారు, వచ్చేశారు. మూడు వారాలు కూర్చుని రాసిన సెషన్ గంటలో అయిపోయింది. నేను శత్రు విమానాలు పెంచాను, తుఫాను తెచ్చాను, ఇంజన్ చెడగొట్టాను. అందరికీ చిరాకొచ్చింది, నాకే ఎక్కువ.

తప్పు నా షీట్‌లో ఉంది. కేటలీనా గురించి ఎక్కడ చూసినా 4,000 కిలోమీటర్ల దూరం, సుమారు 1,800 కిలోల బాంబులు అని పక్కపక్కనే రాసి ఉంటాయి. నేను రెండూ దించేశాను. ఆ రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు. ఒక్కో అంకె ఒక్కో సర్దుబాటుది, ఆ మాట పట్టికలో కనపడదు. 1943 నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్, సిలోన్ మధ్య అక్కడి విమాన సంస్థ క్వాంటాస్ నడిపిన కేటలీనాలు 27 గంటలకు పైగా ఆగకుండా ఎగిరేవి. అందుకు తుపాకులు తీసేశారు, అదనపు ట్యాంకులు పెట్టారు. అన్నీ చేశాక మిగిలిన చోటు ముగ్గురు ప్రయాణికులకి, 69 కిలోల ఉత్తరాలకి.

మందు: పది బస్తాల లెక్క. విమానం మోసేది మొత్తం పది బస్తాలు. ఇంధనం బస్తాకి రెండు గంటలు, అంటే 400 కిలోమీటర్లు. పూర్తి బాంబులు నాలుగు బస్తాలు. ఆరుగురు ప్రయాణికులు ఒక బస్తా. సిబ్బందిని లెక్కలో వేయకండి.

ఇప్పుడు అదే పని చూడండి. చిలికా నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. రానుపోను ఆరు బస్తాల ఇంధనం, నాలుగు బస్తాల బాంబులు, పది నిండాయి. వెతకడానికి చుక్క లేదు, ఎదురుగాలికి చుక్క లేదు. రెండోసారి ఆడించినప్పుడు బాంబులు దించాలా వద్దా అని మావాళ్లు టీ చల్లారేదాకా కొట్టుకున్నారు. నేను నోరు తెరవలేదు.

నీళ్ల మీంచి లేవడానికి ఇరవై ముఖాల పాచిక వేయించండి. 8కి బస్తాలు కలిపితే వచ్చేది లక్ష్యం. చిన్న అలలుంటే 2 తగ్గించండి. అద్దంలా నిశ్చలంగా ఉంటే 3 పెంచండి. ఇది తిరకాసుగా కనిపిస్తుంది కానీ నిజం. కదలని నీరు పడవలాంటి విమానం అడుగును పట్టుకుని వదలదు. పొట్ట కింద మెట్టు ఉండేది ఆ పట్టు విడిపించడానికే, అయినా ఒక్కోసారి ముందు ఒక పడవను పరుగెత్తించి నీటిని కదిలించేవారు. దిగేటప్పుడూ అద్దం నీళ్లు మోసమే, ఎంత ఎత్తులో ఉన్నామో కంటికి అందదు. ఒడ్డు దగ్గరగా దిగితే ఆ 3 వదిలేయండి. నడిసముద్రపు అలలకి, దిగినా లేచినా, 4 కలపండి. రెండుసార్లు లేవలేకపోతే ఏదో ఒక బస్తా నీళ్లపాలు, ఏదన్నది వాళ్లే తేల్చుకోవాలి.

మా గుంపులో ఒకామె పాత్ర గోపాల్‌పూర్ నోలియా మనిషి, అంటే సముద్రంలో చేపలు పట్టేవాళ్ల మనిషి. విమానం నడపడం రాదు, తుపాకీ రాదు. పది సెషన్లు ఖాళీగా కూర్చుంది. ఈ లెక్క వచ్చాక నీటి రంగు చూసి చెప్పేది ఆమే, ముందు పడవ తోసేదీ ఆమే.

మిగతావి అరుదు. చక్రాలున్న రకం ఇచ్చి రన్‌వే మీదే దిగుతున్నారా? చక్రాల్లేనిది ఇవ్వండి. తుపాకులు మరీ ఎక్కువ చంపుతున్నాయా? గుండ్లు లెక్కపెట్టండి. ఎండాకాలం చిలికా ఒడ్డున రంభ దగ్గర నాటు పడవే బురదలో కూరుకుపోతుంది కదా అంటాడొకడు. నిజమే, చిలికా చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. కథను వానాకాలానికి జరపండి, లేదా వాడి చేతికే వెదురు గడ ఇచ్చి లోతు కొలవమనండి.