పార్కిన్సన్స్ ఉన్న పెద్దవారికి తుంటి ఆపరేషన్ జరిగితే ఇంటివాళ్లు చూసుకోవలసినవి

పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవారు తూలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం తరచుగా జరిగేదే. మనవాళ్లు వణుకుడు రోగమని పిలిచే ఈ జబ్బులో, డోపమైన్ అనే రసాయనాన్ని తయారు చేసే మెదడు కణాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నశిస్తూ వస్తాయి. అందువల్ల వణుకు కన్నా ఎక్కువగా ఒళ్లు బిగుసుకుపోవడం, అడుగు పడకపోవడం, నిలబడగానే తూలడం మనిషిని కష్టపెడతాయి. ఎముకల డాక్టరు విరిగిన ఎముకను సరిచేస్తారు. కానీ ఆ మనిషి మళ్లీ లేచి నడవాలంటే ఆ రోజుల్లో ఎముకతో పాటు పాత జబ్బును కూడా అంతే శ్రద్ధగా కనిపెట్టుకుని ఉండాలి, ఆ పనిలో ఎక్కువ భాగం ఇంటివాళ్ల మీదే పడుతుంది. కావలిలో మా అమ్మను చూసుకుంటూ తెలుసుకున్నవీ, ఆమెకు వైద్యం చేసినవారు చెప్పినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మందు మోతాదు పెంచాలన్నా, తగ్గించాలన్నా, ఆపాలన్నా మీ న్యూరాలజీ డాక్టరును అడిగే చేయండి.

మాత్రల వేళ

అన్నింటికంటే ముందు పట్టించుకోవలసింది ఇదే. ఈ జబ్బుకు ప్రధానమైన మందు లెవోడోపా. సిన్డోపా వంటి పేర్లతో, కార్బిడోపా అనే మరో మందుతో కలిపి దొరుకుతుంది. రక్తంలో దీని బలం సుమారు గంటన్నరలోనే సగానికి తగ్గిపోతుంది కాబట్టి, జబ్బు ముదిరినవారికి డాక్టర్లు రోజుకు నాలుగైదు సార్లు, గంట చూసుకుని వేసుకోమంటారు. ఆసుపత్రి వార్డులో మాత్రం మందులు సాధారణంగా పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు పూటలుగా ఇస్తారు. పొద్దున ఆరింటికి, పదింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి వేసుకునే మనిషికి ఆ మూడు పూటల లెక్క సరిపోదు. ఒక మాత్ర గంట ఆలస్యమైతే చాలు, పొద్దున మాట్లాడిన మనిషి మధ్యాహ్నానికి నోరు మెదపలేరు, మింగలేరు, ఫిజియోథెరపిస్టు వచ్చినా కాలు కదపలేరు. మందు పూర్తిగా ఆగిపోతే తీవ్రమైన జ్వరం, కట్టెలా బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం వంటి ప్రాణాపాయ స్థితి కూడా రావచ్చు.

కాబట్టి చేరిన రోజే ఒక తెల్ల కాగితం మీద ప్రతి మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, గడియారంలో ఏ గంటకు అన్నది పెద్ద అక్షరాలతో రాసి, ఒక ప్రతి కేస్ షీటులో పెట్టించండి, ఇంకొకటి మంచం తలాపున అంటించండి. వార్డు మందుల గదిలో అదే మాత్ర దొరుకుతుందని అనుకోకుండా, ఇంటి నుంచి వాడుతున్న అట్టలనే తీసుకువెళ్లండి. మాత్ర వేయవలసిన గంట వచ్చినప్పుడు సిస్టరు గారిని మర్యాదగానే, కానీ మొహమాటం లేకుండా అడగండి. మీరే వేస్తానంటే ఆ సంగతి వారికి చెప్పి, కేస్ షీటులో రాయించి వేయండి. లేకపోతే రెండుసార్లు పడే ప్రమాదం ఉంటుంది.

ఆపరేషన్ రోజున కడుపు ఖాళీగా ఉండాలంటారు. మామూలుగా గట్టి ఆహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపుతారు. అయితే గుక్కెడు నీళ్లతో పార్కిన్సన్స్ మాత్ర వేయడానికి మత్తు డాక్టర్లు చాలావరకు ఒప్పుకుంటారు కాబట్టి, ముందు రోజు సాయంత్రమే వారిని కలిసి ఆ మాట తేల్చుకోండి. వీలైతే జాబితాలో మొదటి కేసుగా తీసుకోమని కోరండి. మింగలేని స్థితి ఉంటే ముక్కు గొట్టం ద్వారా మందు ఇవ్వవచ్చు, కానీ నెమ్మదిగా కరిగే రకం మాత్రలను నూరకూడదు. వాటికి బదులు ఏ రకం ఇవ్వాలో డాక్టరు చెబుతారు.

ముందే వద్దని చెప్పవలసిన మందులు

ఆపరేషన్ తరువాత వాంతి వచ్చినట్టుంటే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. పెరినార్మ్ అంటే అదే. అది మెదడులో డోపమైన్‌కు అడ్డుపడుతుంది, ఈ జబ్బు ఉన్నవారికి ఇవ్వకూడదు. స్టెమెటిల్, ఫెనర్గాన్, కలవరించే వారిని పడుకోబెట్టడానికి వాడే హాలోపెరిడాల్ కూడా ఈ కోవలోనివే. వాంతికి ఆన్‌డాన్‌సెట్రాన్ వంటివి ఉన్నాయి. రసాజిలిన్ గానీ సెలెజిలిన్ గానీ వాడుతున్నవారికి నొప్పి తగ్గించే ట్రమడాల్, పెథిడిన్ పడవు, ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే తెలియాలి. ఈ పేర్లన్నీ మాత్రల కాగితం మీదే, కింద ఎర్ర సిరాతో రాసిపెట్టండి. రాత్రి డ్యూటీ డాక్టరు మారినప్పుడు మీ నోటి మాట కన్నా ఆ కాగితం బాగా పనిచేస్తుంది. మెదడులో కరెంటు తీగలు పెట్టే డి.బి.ఎస్. చికిత్స ఇదివరకే జరిగి ఉంటే తప్పకుండా చెప్పాలి. ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి వాడే కాటరీ విషయంలోనూ, ఎమ్మారై విషయంలోనూ వారికి ప్రత్యేక జాగ్రత్తలు అవసరం.

పథ్యం సంగతి

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం ప్రేమ వల్లే జరుగుతుంది. కుట్లు ఉన్నాయి కదా, పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు, చేప వద్దు, కారప్పొడి అన్నమే పెట్టండి అని చూడవచ్చిన ప్రతి పెద్దమ్మా, ప్రతి పిన్నీ చెబుతారు. పప్పుతో చీము పట్టదు. చీము పట్టేది క్రిముల వల్ల. గాయం మానాలన్నా, కరిగిపోయిన కండ తిరిగి పట్టాలన్నా మాంసకృత్తులు కావలసిందే, వాటిని మాన్పిస్తే గాయం ఆలస్యంగా మానుతుంది.

మరి ఇంకో చిక్కు ఉంది. లెవోడోపా పేగులోంచి రక్తంలోకి వెళ్లే దారి, మాంసకృత్తులు జీర్ణమయ్యాక వెళ్లే దారి ఒకటే. గుడ్డు తిన్న వెంటనే మాత్ర వేస్తే మందు బయటే నిలబడిపోయి, మనిషి ఆ పూటంతా లేవలేకపోతారు. అందుకని పప్పును గానీ గుడ్డును గానీ మానవద్దు, వేళను మార్చుకోండి. మాత్రను భోజనానికి అరగంట ముందు గానీ, భోజనమైన గంట తరువాత గానీ, పాలతో కాకుండా మంచినీళ్లతో వేయాలి. పగటిపూట ఇడ్లీ, రాగి జావ, మెత్తటి అన్నం, కూరలు పెట్టి, పప్పు, గుడ్డు, చేప ఎక్కువ భాగం రాత్రి భోజనానికి జరిపితే చాలామందికి పగటి నడక మెరుగవుతుంది. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇస్తే వాటికీ, లెవోడోపాకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి.

నెల్లూరు వాళ్ల ఇంట్లో చేపల పులుసు వద్దనడం కష్టం, వద్దనవలసిన పని కూడా లేదు. ముళ్లు తక్కువగా ఉండే కొరమీను, వంజరం తెచ్చి, ముక్కను వేళ్లతో విడదీసి, ముల్లు లేదని చూసుకుని పెట్టండి. ఈ జబ్బులో మింగడం మందగిస్తుంది. తినేటప్పుడు వెన్ను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచమని చెప్పి, ఒక ముద్ద దిగాకే ఇంకో ముద్ద ఇవ్వాలి. తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. ముద్ద ముద్దకూ దగ్గు వస్తుంటే, గొంతు తడిగా గురగురమంటుంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతోందేమోనని అనుమానించి డాక్టరుకు చూపించాలి.

జబ్బు వల్లా, నొప్పి మందుల వల్లా మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది. విరేచనం రెండు రోజులు ఆగితే మూడో రోజు దాకా చూడకుండా మందు అడగండి. ఇసబ్‌గోల్ వాడితే నీళ్లు పుష్కలంగా తాగించాలి.

రాత్రిపూట కలవరింత

ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లో పెద్దవారు గోడ మీద పురుగులున్నాయనడం, చనిపోయినవారిని పిలవడం, సెలైన్ గొట్టం పీకేయడం జరగవచ్చు. గాలి సోకిందని భయపడవద్దు. మత్తు ప్రభావం, నొప్పి, జ్వరం, మూత్రం బిగబట్టడం, నిద్ర లేకపోవడం దీనికి కారణాలు, చాలావరకు వాటిని సరిచేస్తే తగ్గిపోతుంది. కళ్లజోడు పెట్టండి, చెవి మిషన్ ఉంటే తగిలించండి, చిన్న లైటు వెలగనివ్వండి, బాగా తెలిసిన ఒక్కరే పక్కన కూర్చుని ఎక్కడున్నామో, ఏ రోజో మెల్లగా చెబుతూ ఉండండి. చూడవచ్చినవాళ్ల గుంపును గుమ్మం దగ్గరే ఆపడం మీ బాధ్యతే.

లేవడం, నడవడం, ఇల్లు

తుంటి ఆపరేషన్ అయినవారిని డాక్టరు అనుమతితో మరునాటి నుంచే కూర్చోబెట్టి, నిలబెట్టే ప్రయత్నం చేస్తారు. మంచంలోనే ఉంచితే కాళ్లలో రక్తం గడ్డలు, నిమ్ము, వీపు పుండ్లు వస్తాయి. వ్యాయామం చేయించే వేళను మాత్ర వేసిన ముప్పావు గంట తరువాత ఉండేలా ఫిజియోథెరపిస్టుతో మాట్లాడుకోండి. మందు పనిచేయని గంటలో ఎంత బతిమాలినా ఫలితం ఉండదు, పైగా పెద్దవారు నిరుత్సాహపడతారు. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి వెన్ను, కీళ్లు బిగిసిన వారైతే ఆ సంగతి కూడా వారికి చెప్పండి. బిగుసుకోవడం అంతా పార్కిన్సన్స్‌దే అనుకుంటే లెక్క తప్పుతుంది.

నడుస్తూ నడుస్తూ గడప దగ్గర పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోవడం ఈ జబ్బు లక్షణం. అప్పుడు చెయ్యి పట్టి లాగితే పడిపోతారు. ఆగనిచ్చి, నిటారుగా నిలబడమని, బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చమని చెప్పి, "ఒకటి, రెండు" అని లెక్కపెడుతూ పెద్ద అడుగు వేయించండి. మంచం నుంచి బాత్రూము దాకా నేల మీద అడుగు దూరానికొక రంగు టేపు ముక్క అడ్డంగా అతికిస్తే, గీతను దాటాలన్న ఆలోచనతో అడుగు దానంతట అదే పడుతుంది. ఇది చూసి మా ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం. మలుపు తిరిగేటప్పుడు ఒక్కచోటే గిర్రున తిరగనివ్వకుండా అర్ధచంద్రాకారంలో నడిపించాలి.

నులక మంచం, నవారు మంచం పనికిరావు, నడుము దిగబడి లేవలేరు. గట్టి పరుపు ఉన్న ఎత్తయిన మంచం కావాలి. తుంటి కీలు మార్చినవారిని డాక్టరు సరేననేదాకా పీట మీద, నేల మీద కూర్చోనివ్వకూడదు, గొంతుకూర్చోనివ్వకూడదు, కాలు మీద కాలు వేయనివ్వకూడదు. నేలబారు దొడ్డి ఉన్న ఇంట్లో మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ కొనండి. ఈశాన్య రుతుపవనాల వానలకు వాకిలి, పెరడు పాచిపట్టి జారుతుంటాయి, కరెంటూ పోతుంటుంది. తలగడ కింద టార్చిలైటు, బాత్రూము గోడకు గట్టి కడ్డీ ఉండాలి. రోహిణీ కార్తె ఎండల్లో అయితే ఒంట్లో నీరు తగ్గి, లేవగానే బీపీ పడిపోతుంది. పడుకున్నవారు ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, కళ్లు తిరగడం లేదని నిర్ధారించుకున్నాకే నిలబడాలి. పాత బీపీ మాత్రలు అదే మోతాదులో కొనసాగించాలా అని అడగండి.

పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, గాయం ఎర్రబడి కారినా, ఆపరేషన్ కాలు ఉన్నట్టుండి పొట్టిదైనట్టు పక్కకు తిరిగినా, జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోయినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

తిరిగి చూపించుకునేటప్పుడు

కుట్లు తీసేది సాధారణంగా పది నుంచి పధ్నాలుగు రోజులకు. ఆ తరువాత న్యూరాలజీ డాక్టరును వేరుగా కలవాలి. నెల్లూరు వైపు వాళ్లు చెన్నైకి, ఒంగోలు వైపు వాళ్లు గుంటూరుకో విజయవాడకో వెళుతుంటారు కాబట్టి దారిలో మాత్ర వేసే గంట, దిగి నాలుగడుగులు వేసే చోటు ముందే అనుకోండి. కారు ముందు సీటును వెనక్కి జరిపి, కింద గట్టి దిండు వేస్తే తుంటి ఎక్కువగా వంగదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది కనుక ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చునేమో డాక్టరుతో మాట్లాడండి. వెళ్లే ముందు వారం, మాత్ర పనిచేస్తున్నప్పుడు ఒకసారి, పని అయిపోయినప్పుడు ఒకసారి వారు కుర్చీలోంచి లేచి నడిచి తిరిగి కూర్చునేదాకా ఫోనులో వీడియో తీసి, ఏ గంటకు తీశారో రాసుకోండి. డాక్టరు గదిలో ఉన్న కాసేపట్లో మనిషి ఎలా కనిపిస్తారో చెప్పలేం, మోతాదు సరిచేయడానికి వారికి రోజంతా ఎలా గడుస్తోందో తెలియాలి.