తెల్ల మ్యాట్ కిచెన్ డోర్ల మీద జిడ్డు మరకలు: సమస్య - పరిష్కారం

మరక పోవడం లేదని అడిగేవాళ్లు చాలామంది అప్పటికే సబ్బు, సోడా, నిమ్మచెక్క, టూత్‌పేస్టు అన్నీ ప్రయోగించి ఉంటారు. ఉత్త నీళ్లతో ఒకసారి తుడిచి చూశారా అంటే మాత్రం జవాబుండదు. ముందు ఆ పని చేయండి. గోరువెచ్చటి ఉత్త నీళ్లలో తెల్లటి నూలుగుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండి, మరక మీద రెండుమూడు సార్లు నడపండి. గుడ్డకు ఏ రంగు అంటింది, తడిమీద వేలికి ఎలా తగిలింది, ఆరాక ఏం కనిపించింది అన్నవి చూసుకోండి. కిందున్న సమస్యల్లో మీది ఏదో తేల్చేవి ఈ మూడే. గుడ్డ తెల్లదే ఎందుకంటే, రంగు గుడ్డ మీద పసుపు జిడ్డు కనబడదు. పైగా కొత్త ఎర్ర మైక్రోఫైబర్ గుడ్డ వేణ్నీళ్లలో రంగు వదిలిందంటే అది ఇంకో మరక.

డోరు ఏ రకమో కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. ముందు పలకకీ అంచు పట్టీకీ మధ్య సన్నటి అతుకు గీత ఉంటే లామినేట్ (చెక్క మీద అతికించిన గట్టి షీటు) గానీ యాక్రిలిక్ (ప్లాస్టిక్ షీటు) గానీ. ముందువైపు నుంచి అంచుల మీదుగా ఒకే తొడుగు చుట్టుకుని, వెనకవైపు మాత్రం వేరేగా ఉంటే మెంబ్రేన్ (పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేసిన డోరు). ఎక్కడా అతుకు లేకుండా అంచులక్కూడా అదే పూత ఉంటే పీయూ (పాలీయూరెథేన్) పెయింట్.

కొత్త క్లీనర్ ఏదైనా ముందు డోరు లోపలివైపు పరీక్షించమంటారు. మన కార్పెంటర్లు చేసే లామినేట్ డోర్లకు ఈ సలహా పనికిరాదు. బయట 1 మి.మీ. మ్యాట్ లామినేట్ వేస్తారు, లోపల అంతకంటే పల్చటి, చవక లైనర్ లామినేట్ వేస్తారు. లోపల ఏమీ కాలేదంటే బయట కూడా ఏమీ కాదని కాదు. సింకు కింద డోరుకు ముందువైపే, నేలకు దగ్గరగా ఉన్న మూలలో రూపాయి బిళ్లంత చోట పరీక్షించి, పూర్తిగా ఆరాక చూడండి.

తాజా చుక్కలు, గుడ్డకు నూనె అంటుతోంది

పోపు చిటపటలు. లీటరు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూను గిన్నెల లిక్విడ్ కలిపి, గుడ్డ ముంచి పిండి తుడవాలి. వెంటనే ఉత్త నీళ్ల గుడ్డ, ఆ వెంటనే పొడిగుడ్డ. స్ప్రే బాటిల్‌తో నేరుగా డోరు మీద కొట్టకండి. నీళ్లు కిందికి జారి అడుగు అంచులో చేరతాయి. ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో ఒత్తి చేసిన పలక) డోర్లు ముందుగా ఉబ్బేది అక్కడే.

వేలికి బంకగా తగులుతోంది, లేత పసుపు పొర

పొయ్యి పైన, చిమ్నీకి అటూ ఇటూ ఉన్న డోర్లకు వచ్చేది. నూనె ఆవిరి డోరుకు అంటుకుని, నెలల తరబడి గాలికీ వేడికీ గట్టిపడి బంక అవుతుంది. సన్‌ఫ్లవర్ లాంటి నూనెలు తొందరగా ఇలా మారతాయి. దీన్ని రుద్ది వదిలించలేరు, నానబెట్టాలి.

చెయ్యి పెట్టగలిగేంత వేడి ఉన్న నీళ్లు లీటరు తీసుకుని అందులో ఒక టేబుల్ స్పూను వంటసోడా పూర్తిగా కరిగించండి. అడుగున పలుకులు మిగిలితే అవే గీతలు పెడతాయి. నాలుగైదు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, గుడ్డ ముంచి పిండి, డోరుకు అతికించినట్టు పరిచి 5 నిమిషాలు వదిలేయండి. మెంబ్రేన్ డోరైతే నీళ్లు గోరువెచ్చగానే ఉండాలి, 2 నిమిషాలు చాలు. వేడికి దాని తొడుగు లేచిపోతుంది. గుడ్డ తీసి, మెత్తబడిన బంకను ఒకే దిశలో తుడవండి. ఒక్క దెబ్బకు పోదు, రెండుమూడు సార్లు చేయాలి. వంటసోడా బదులు చాకలిసోడా వాడితే ఇంకా త్వరగా పోతుంది, నిజమే. కానీ అల్యూమినియం ప్రొఫైల్ హ్యాండిళ్లకు అది తగిలితే అవి మసకబారి మచ్చలు పడతాయి, వాటిని మళ్లీ మునుపటిలా చేయలేరు.

తుడిచిన వారానికే అదే చోట ధార కట్టిందా? డోరు పై అంచు మీద వేలు పెట్టి చూడండి. కంటికి కనబడదు కాబట్టి ఎవరూ తుడవని చోటు అదే. అక్కడ పేరుకున్న జిడ్డు పొయ్యి వేడికి కరిగి ముందువైపుకు జారుతుంది. ఎప్పుడు తుడిచినా పై అంచుతోనే మొదలుపెట్టండి. చిమ్నీ అడుగున నూనెను పట్టే బాఫిల్ ఫిల్టర్ (వంపు రేకుల జల్లెడ) అంచున నూనె బొట్టు వేలాడుతుంటే దాన్ని కడగకుండా డోర్లు తుడవడం వృథా.

తుడిచినప్పుడు పోయింది, ఆరాక మళ్లీ వచ్చింది

జనాన్ని నెలల తరబడి తిప్పలు పెట్టేది ఇదే. చూడ్డానికి అచ్చం జిడ్డు మరకే. కానీ అది నూనె కాదు, క్రితంసారి మీరు తుడిచిన సబ్బు.

మ్యాట్ పలక మెరవకపోవడానికి కారణం దాని మీదున్న, కంటికి ఆనని గరుకు. పడిన వెలుతురును అది అన్నివైపులకూ చెదరగొడుతుంది. ఆ సన్న గుంటల్లో నూనె నిండినా, సబ్బు నిండినా, పాలిష్ నిండినా ఆ చోటు నున్నబడి, చుట్టుపక్కల కంటే ముదురుగానో కాస్త మెరుస్తున్నట్టో కనిపిస్తుంది. అందుకే కంటితో చూసి ఏది నూనె, ఏది సబ్బు అని చెప్పడం కష్టం. మెరిసే (గ్లాసీ) డోరు మీద ఇదే సబ్బు చారలుగా తేలుతుంది, పొడిగుడ్డతో రెండు రుద్దులు రుద్దితే పోతుంది. మ్యాట్ గుంటల్లో దిగింది పొడిగుడ్డకు అందదు.

తడిగా ఉన్నంతసేపూ డోరంతా ఒకే రంగులో ఉంటుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. పది పదిహేను నిమిషాలకు నీరు ఆరుతుంది, సబ్బు మిగులుతుంది. దాని ఆకారం చూడండి. నూనె అయితే చుక్కలుగానో, కిందికి జారిన ధారగానో ఉంటుంది. అర్ధచంద్రాకారంలో వంపులు తిరిగిన చారలు ఉన్నాయంటే అవి మీ చెయ్యి తిరిగిన దారులు. నూనె అలా వంపులు తిరిగి పడదు కదా.

అయినా అనుమానం ఉంటే వేలు తడిపి మరక మీద గుండ్రంగా రుద్దండి. జారుతూ సన్నటి నురగ లేస్తే సబ్బు. నురగ రాకుండా, పక్కనున్న శుభ్రమైన చోటుతో పోలిస్తే నీటి చుక్క విడిగా గుండ్రంగా నిలబడితే నూనె గానీ పాలిష్ గానీ.

మరక పోలేదని సబ్బు ఇంకాస్త పెంచుతారు, చిక్కంతా అక్కడే. మిగిలిన సబ్బు పొర నూనె ఆవిరినీ దుమ్మునూ పట్టి ఉంచుతుంది. దాంతో మరక ఈసారి ఇంకా తొందరగా వస్తుంది, ఈసారి గుడ్డకు నిజంగానే జిడ్డు అంటుతుంది, "చూశారా, జిడ్డే" అని మళ్లీ సబ్బు. అలా పొర మీద పొర.

పొర ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపకపోతే తీసీ లాభం లేదు. లిక్విడ్‌ను నీళ్లలో కలపకుండా నేరుగా స్పాంజి మీద పిండుకోవడం మొదటిది. గిన్నెల సబ్బు బిళ్ల వాడటం రెండోది. అందులో సబ్బుతోపాటు తెల్లటి ఖనిజపు పొడి ఉంటుంది. తెల్ల డోరు మీద అది ముందు కనబడదు, జిడ్డు పీల్చుకున్నాక పసుపు మచ్చగా బయటపడుతుంది. మూడోది ఎవరికీ తట్టదు: బట్టలతోపాటు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేసి ఉతికిన గుడ్డ. మెత్తదనం కోసం వేసే ఆ మందు గుడ్డకు పట్టి, తుడిచిన ప్రతిసారీ డోరుకు పూస్తుంది. డోర్ల గుడ్డను విడిగా, వట్టి డిటర్జెంటుతో ఉతికి, బాగా జాడించి ఆరేయండి. మసిగుడ్డతో డోర్లు తుడిచే అలవాటు గురించి ఇక చెప్పక్కర్లేదు. సోఫాలకూ టేబుళ్లకూ కొట్టే పాలిష్ స్ప్రేలు, వెట్ వైప్స్, జెల్ శానిటైజర్ కూడా ఈ జాబితాలోవే. చివరిది బోరు నీళ్లు. గట్టి నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు మరక మిగులుతుంది, సబ్బుతో కలిస్తే తెట్టు కడుతుంది.

తీసే పద్ధతి:

1. బకెట్లో సగం గోరువెచ్చటి నీళ్లు. అందులో ఏమీ వేయొద్దు. మన్నించండి, లిక్విడ్ ఒక్క చుక్క కూడా.

2. ఒకసారికి ఒక్క డోరే. గుడ్డ ముంచి పిండి పై అంచు నుంచి కిందికి, పక్కపక్కనే నిలువు పట్టీలుగా తుడవండి. ఒక డోరు కాగానే గుడ్డను వేరే నీళ్లలో జాడించండి. జాడించిన నీళ్లలో నురగ కనిపించినంతకాలం డోరు మీద సబ్బు ఉన్నట్టే. చాలా రోజుల పొరైతే నాలుగైదు సార్లు తుడవాల్సి వస్తుంది. బకెట్ నీళ్లు తెల్లగా మసకబారితే పారబోసి కొత్తవి పట్టండి, లేకపోతే తీసిన సబ్బునే తిరిగి పూస్తారు.

3. నురగ ఆగాక డోరును ఆరనిచ్చి చూడండి. తెల్లటి చారలు మిగిలితే అది నీళ్ల ఉప్పు. అర లీటరు నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల తెల్ల వెనిగర్ కలిపి తుడిచి, ఒక నిమిషం ఆగి, ఉత్త నీళ్లతో తుడవండి. గట్టు మార్బుల్‌ది అయితే వెనిగర్ చుక్క దాని మీద పడనివ్వకండి. వెనిగర్లో వంటసోడా కలిపి వాడే చిట్కా ఒకటి తిరుగుతోంది. బుసబుసా పొంగడం తప్ప రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బ్లీచింగ్‌తో వెనిగర్ మాత్రం ఎన్నడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

4. చారలు పోయి, నీటి చుక్క నిలబడే మచ్చ మాత్రం మిగిలితే అది పాలిష్. తాజా చుక్కలకు చెప్పిన పల్చటి లిక్విడ్ నీళ్లతో ఆ మచ్చ వరకే తుడిచి, మళ్లీ రెండో మెట్టు చేయండి.

5. ఆఖరి తుడుపు ఆర్వో నీళ్లతో. వంటింటికంతటికీ ఒక చెంబెడు సరిపోతాయి. వెంటనే పొడి నూలుగుడ్డతో అద్దండి, గాలికి ఆరనివ్వకండి.

ఇకమీదట వారానికోసారి ఉత్త తడిగుడ్డ, పొడిగుడ్డ చాలు. లిక్విడ్ కలిపిన నీళ్లు నిజంగా నూనె పడ్డ చోటికే.

మరక కాస్త మెరుస్తోంది, గుడ్డకు ఏమీ అంటడం లేదు

ఫోన్ టార్చిని డోరుకు ఆనించినట్టు పక్కనుంచి వేసి చూడండి. ఎదురుగా కనిపించని నున్నటి మచ్చ ఏటవాలుగా మెరిసి, నీళ్లకూ సబ్బుకూ చలించకపోతే అక్కడ మ్యాట్ అరిగిపోయింది. పచ్చ స్క్రబ్బరు, టూత్‌పేస్టు, మ్యాజిక్ స్పాంజి అని అమ్మే తెల్ల స్పాంజి, వీటిలో ఏదో ఒకటి చేసిన పని. ఆ తెల్ల స్పాంజి మెత్తగా ఉంటుంది గానీ పనిచేసేది సన్న గరుకు కాగితంలాగే. ఇంకా రుద్దితే మచ్చ పెద్దదవుతుంది, అంతే. లామినేట్, మెంబ్రేన్ డోర్లలో దీనికి మందు లేదు. డోరు మార్చడమో, కనబడని చోటి డోరుతో అదలుబదలు చేసుకోవడమో. పీయూ అయితే పెయింటరు ఆ డోరు మొత్తానికి మళ్లీ మ్యాట్ కోటు వేయగలడు. మచ్చ వరకే వేస్తే చుట్టూ గీత తేలుతుంది.

పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడింది

డోరు పాడైందని కంగారుపడతారు, ఏమీ కాలేదు. పసుపులోని కుర్‌కుమిన్ అనే రంగు పదార్థానికి సబ్బు, సోడా లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పారాణికి పసుపులో సున్నం కలిపినప్పుడు జరిగేది కూడా ఇదే. పల్చటి వెనిగర్‌తో అద్దితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. అందుకే పసుపు చారు, కూర చిందిన చోట సోడా వాడొద్దు. లామినేట్ అయితే పొయ్యి ఆర్పి, కిటికీ తెరిచి, దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దుకుని మరక మీద ఒత్తండి. పసుపు దూదిలోకి దిగుతుంది. దూది మారుస్తూ ఉండండి. యాక్రిలిక్ డోరుకు ఆల్కహాల్ తగలకూడదు, సన్నటి బీటలు రావచ్చు. పీయూకి కూడా వాడకపోవడమే మంచిది. వాటి మీద సబ్బు నీళ్లకు పోయినంత పోగా మిగిలింది వెలుతురుకు దానంతటదే పాలిపోతుంది. కిటికీ ఎదురుగా ఉన్న డోరైతే కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది.

అరుదైనవి

బంక లేకుండా డోరంతా సమానంగా పసుపెక్కితే అది ఎండకో వయసుకో మారిన రంగు. తుడిస్తే పోదు. అంచు పట్టీ వెంట సన్నటి నల్ల గీత ఉంటే అతుకు జిగురుకు దుమ్ము పట్టింది. ఆరెంజ్ రంగు గ్యాస్ మంట వల్ల డోరు నల్లబడుతుంటే అది మసి, బర్నరు శుభ్రం చేయించుకోండి. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి ఏ రకం డోరుతోనూ పోవద్దు. కిరసనాయిలు జిడ్డును కరిగిస్తుంది గానీ తన జిడ్డును తాను వదిలిపోతుంది, పైగా పొయ్యి పక్కన. మరక పక్కనే అంచు ఉబ్బి చేతికి తగులుతుంటే నీళ్లు లోపలికి చేరాయి, ఆ డోరును తుడవడం ఆపేసి కార్పెంటరుకు చూపించండి.