సీటున్న మడత చేతికర్ర: ఎలా ఎంచుకోవాలి? పడిపోకుండా ఎలా కూర్చోవాలి?

నడిచేటప్పుడు ఊతకర్ర, కాళ్ళు లాగినప్పుడు పీట. ఒక్క వస్తువుతో రెండు పనులూ అయిపోతాయని దీన్ని కొంటారు. అయితే ఆ రెండు పనులూ ఒకేసారి జరగవు. కర్రను సీటుగా విప్పే ఐదారు సెకన్లు, లేచాక మళ్ళీ మడిచే ఐదారు సెకన్లు మీకు ఊతం ఉండదు. అప్పటికి కూర్చోనూ లేదు, పట్టుకోవడానికి కర్రా లేదు. అందుకే ఈ కర్ర ఎవరికి పనికొస్తుంది, ఏది కొనాలి, ఎక్కడ విప్పాలి అన్నవన్నీ ఆ కొద్ది సెకన్లను దృష్టిలో పెట్టుకుని తేల్చుకోవాల్సినవే.

ముందు మీకు ఇది సరిపోతుందో లేదో చూసుకోండి

ఇంట్లోనే రెండు పరీక్షలు చేయండి. పక్కన ఇంకో మనిషి ఉండాలి.

మొదటిది: గోడకు జానెడు దూరంలో, గోడను తాకకుండా నిలబడండి. రెండు చేతులతో ఒక గొడుగు తెరిచి, మూసి, మళ్ళీ తెరవండి. ఇరవై సెకన్ల పాటు తూలకుండా, అడుగు కదపకుండా ఆ పని చేయగలగాలి. కర్రను విప్పేటప్పుడు చేతులకూ కళ్ళకూ దాదాపు అంతే పని పడుతుంది.

రెండోది: చేతులు లేని కుర్చీ ఒకటి తీసుకోండి. సీటు ఎత్తు 50 సెంటీమీటర్ల దగ్గర ఉంటే చాలు. చేతులు ఛాతీమీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా ఐదుసార్లు లేచి కూర్చోండి. మూడోసారికే తొడలు వణికినా, వెనక్కి కూలబడినా ఈ కర్ర మీకు కాదు.

రెండిట్లో ఏది తప్పినా బ్రేకులూ సీటూ ఉన్న నాలుగు చక్రాల వాకర్ చూసుకోవడం మంచిది. విప్పాల్సిన, మడవాల్సిన పని లేకుండా బ్రేకులు బిగించి కూర్చోవచ్చు. తోడు వచ్చే మనిషి ఎప్పుడూ ఉంటే ఇంకా తేలిక: మీ చేతిలో మామూలు కర్ర, వాళ్ళ చేతిలో మడత స్టూలు.

బాగానే నడవగలిగి, ఎక్కువసేపు నిలబడలేనివాళ్ళకు ఈ కర్ర బాగా పనికొస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, కాసేపు కూర్చుంటే నడుం నొప్పి తగ్గేవాళ్ళు, నాలుగడుగులకు ఆయాసం వచ్చేవాళ్ళు ఆ కోవలోకి వస్తారు. పక్షవాతం వచ్చి ఒక పక్క బలం తగ్గినవాళ్ళు, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్ళు, లేవగానే కళ్ళు తిరిగేవాళ్ళు, అడుగడుక్కీ ఒంటి బరువంతా కర్రమీదే మోపి నడిచేవాళ్ళు దీని జోలికి వెళ్ళకూడదు. తుంటి కీలు మార్పిడి జరిగి ఎక్కువ రోజులు కాకపోతే, ఇంత ఎత్తు సీటుమీద కూర్చోవచ్చో లేదో ఆపరేషన్ చేసిన డాక్టర్ని అడిగి తీరాలి.

మూడు కాళ్ళా, నాలుగా?

ఎక్కువగా కనిపించేది మూడు కాళ్ళ రకం. మడిచినప్పుడు కాళ్ళన్నీ ఒక కట్టలా దగ్గరకొస్తాయి, గుండ్రటి సీటు గొట్టానికి అతుక్కుంటుంది. మూడు కాళ్ళ వస్తువు ఎగుడుదిగుడు నేలమీద కూడా ఊగదు, ఎలా పెట్టినా మూడూ ఆనుతాయి. దాన్ని చూసి మోసపోకండి. కదలకపోవడం వేరు, ఒరిగిపోకపోవడం వేరు. పక్కపక్కన ఉన్న రెండు కాళ్ళను కలుపుతూ నేలమీద ఒక గీత ఉందనుకోండి. మీ బరువు ఆ గీత దాటి బయటికి వెళ్తే కర్ర అటే పడుతుంది. కాళ్ళు ఎంత ఎడంగా పరుచుకుంటే ఆ గీత అంత దూరం జరుగుతుంది, మీకు అంత భద్రత.

నాలుగు కాళ్ళ రకంలో ఆనిక విశాలంగా ఉంటుంది కానీ బరువెక్కువ. నేల సమంగా లేకపోతే ఒక కాలు గాల్లో ఉండి ఊగుతుంది.

ఒంటికాలి రకం కూడా ఒకటుంది. ఆటలు చూసేటప్పుడు ఆనుకోవడానికి చేసిన ఈ కర్రకు పైన చిన్న తోలు సీటు ఉంటుంది. అందులో మిగతా రెండు కాళ్ళూ మీవే. నడవడానికి ఊతం కావాల్సిన మనిషికి అది పనికిరాదు.

కొలతలు

కర్ర ఎత్తు: రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి. మణికట్టు దగ్గర మడత గీత నుంచి నేలదాకా ఎంత ఉందో అంతే పిడి ఎత్తు. ఆ కొలత వేరేవాళ్ళు తీయాలి. టేపు చూడ్డానికి మీరే వంగితే భుజం దిగి, కొలత రెండు మూడు సెంటీమీటర్లు తగ్గిపోతుంది. ఎత్తు సరిపోయిందనడానికి గుర్తు, పిడి పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా, 15 నుంచి 30 డిగ్రీల దాకా వంగి ఉండడం.

చిక్కేమిటంటే, ఈ కర్రల్లో చాలావాటికి ఎత్తు మార్చుకునే వీలుండదు. మామూలు చెక్క కర్రయితే కింద కోయించి పొట్టి చేసుకోవచ్చు. దీన్ని కోస్తే కాళ్ళ పొడవుల్లో తేడా వచ్చి సీటు వాలిపోతుంది. కొలత కుదరకపోతే వదిలేయండి.

సీటు ఎత్తు: మోకాలి వెనక మడత నుంచి నేలదాకా కొలిచి, దానికి సమానంగా గానీ రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు ఎక్కువగా గానీ ఉన్నది చూడండి. అంతకన్నా తక్కువైతే లేవడం కష్టం. మరీ ఎక్కువైతే పాదాలు సరిగా ఆనవు. పాదాలు ఆనకపోతే బరువంతా మూడు సన్నటి గొట్టాలమీదే పడుతుంది.

మోసే బరువు: కర్రమీదో పెట్టెమీదో రాసి ఉంటుంది. అది మీ బరువు కన్నా కనీసం 15–20 కిలోలు ఎక్కువ ఉండాలి. మెల్లగా కూర్చుంటే పడే బరువు వేరు, ధబీమని కూలబడితే పడే దెబ్బ వేరు. ఆ అంకె ఎక్కడా రాసి లేకపోతే ఆ కర్ర కొనకండి.

ఇక కర్ర బరువు. మామూలు అల్యూమినియం కర్ర మూడు నాలుగు వందల గ్రాములుంటే, సీటున్నది 700 గ్రాముల నుంచి కిలో పైదాకా తూగుతుంది. చేతిలోకి తీసుకున్నప్పుడు తేడా పెద్దగా తెలియదు. వంద అడుగులు వేశాక మణికట్టుకు తెలుస్తుంది.

కొనేటప్పుడు చేత్తో చూడాల్సినవి

పదిసార్లు విప్పి మడవండి. విప్పినప్పుడు ‘టక్’మని లాక్ పడాలి, పడిందని కంటికి కూడా కనిపించాలి. మడిచినప్పుడు కాళ్ళను కలిపి ఉంచే క్లిప్పు గట్టిగా పట్టాలి. నడుస్తుండగా ఆ క్లిప్పు ఊడితే కాళ్ళు విచ్చుకుని మీ కాలికే అడ్డం పడతాయి.

సీటును వెలుతురుకు పెట్టి, బోల్టులూ రివెట్లూ ఉన్నచోట చూడండి. ప్లాస్టిక్ మీద వెంట్రుకంత సన్నటి తెల్లగీతలు కనిపిస్తే అక్కడ పగులు మొదలైనట్టే. రంగు ప్లాస్టిక్‌లో ఇవి బాగా కనిపిస్తాయి, తెల్లదాంట్లో వేలిగోటితో తడిమి చూడాలి.

మడిచిన కర్రతో ఒక యాభై అడుగులు నడవండి. సీటు బరువు ఒకే పక్కకు ఉండడం వల్ల కొన్ని కర్రలు చేతిలో తిరిగిపోతుంటాయి, కొన్ని అడుగు వేసినప్పుడల్లా పిక్కకు తగులుతుంటాయి. వాటికి అలవాటు పడదాంలే అనుకోకండి.

కూర్చోవడం

మొదటి పదిసార్లూ ఇంట్లో, గోడ పక్కన, తోడుండగా చేయండి.

1. చోటు చూసుకోండి. నేల పొడిగా, గట్టిగా, సమంగా ఉండాలి. పక్కన గోడో, స్తంభమో, రెయిలింగో చేతికందాలి. వెనక నుంచి ఎవరూ తగిలే వీలుండకూడదు.

2. చేతిలో సంచి ఉంటే ముందు దించండి. కూర్చున్నాక దించుదామనుకుంటే అప్పుడు పక్కకు వంగాల్సి వస్తుంది.

3. గోడకు వీపు ఆన్చి, పాదాలు కాస్త ఎడంగా పెట్టి, కర్ర విప్పండి. ఊతం లేని ఆ కొద్ది సెకన్లూ మీ ఊతం గోడే. సీటును బయటి అంచు దగ్గరే పట్టుకోండి. కీళ్ళ దగ్గర వేలు పెడితే నలుగుతుంది.

4. నేలమీద పెట్టి, సీటు నడిమధ్య అరచేత్తో గట్టిగా నొక్కండి. లాక్ సరిగా పడకపోతే మీరు కూర్చోకముందే ఇక్కడ తెలిసిపోతుంది. కాళ్ళ చివర ఉన్న మూడు రబ్బర్లూ నేలను తాకాయో లేదో చూడండి. టైల్స్ సందులోనో గులకరాయి మీదో ఏదీ ఉండకూడదు.

5. పిడి ఏ వైపుండాలి? మూడు కాళ్ళ రకాల్లో సాధారణంగా పిడి మీ ముందు, మోకాళ్ళ మధ్యకు రావాలి. కర్రతో వచ్చిన కాగితంలో బొమ్మ ఉంటుంది, దాంతో సరిచూసుకోండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: పైకి పొడుచుకొచ్చిన పిడిని చూసి కుర్చీ వీపనుకుని దానికి ఆనుకుంటారు. వీపు వెనక్కి వాలగానే బరువు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి జరుగుతుంది, కర్ర మనిషితో సహా వెల్లకిలా పడుతుంది.

6. పాదాలు సీటుకు చెరోపక్క రావాలి. కాలెత్తి కర్ర మీదుగా దాటకండి. పాదాలు ఎడంగా పెట్టుకుని, విప్పిన సీటునే కాళ్ళ మధ్య నుంచి వెనక్కి జరుపుకోండి. కాళ్ళు ఎడం చేయడానికి వీలివ్వని బట్టలు వేసుకున్న రోజున ఈ సీటును నమ్ముకోవద్దు. నేలకు వేలాడే అంచులుంటే పైకి తీసుకోండి, లేచేటప్పుడు కర్రకాలి కింద చిక్కుకుంటాయి.

7. ఒక చెయ్యి పిడిమీద, ఇంకోటి గోడమీద ఉంచి, తొడల బలంతో మెల్లగా దిగండి. సీటు మధ్యలో కూర్చున్నాక రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆన్చండి. కర్ర కాళ్ళు మూడు, మీవి రెండు: ఐదూ నేలమీద ఉన్నంతసేపూ కుదురుగా ఉంటుంది.

కూర్చున్నాక వెనక్కి తిరిగి చూడడం, కింద పడినదాన్ని అందుకోవడం, కాలు మీద కాలు వేసుకోవడం, ఈ మూడూ ప్రమాదకరమే. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే లేచి తిరగండి, లేదా వాళ్ళనే ముందుకు రమ్మనండి. సీటు చిన్నది, గట్టిది, వీపుకు ఆసరా లేదు. పది పదిహేను నిమిషాలకు మించి కూర్చుంటే తొడలు తిమ్మిరెక్కుతాయి, తిమ్మిరెక్కిన కాళ్ళతో లేవడం ఇంకో ప్రమాదం.

లేవడం

పాదాలను మోకాళ్ళకన్నా కొంచెం వెనక్కి తెచ్చుకోండి. ముఖం పాదాల వేళ్ళ మీదకు వచ్చేంత ముందుకు వంగి, నేలను తొక్కుతూ లేవండి. పిడిని కిందికి నొక్కవచ్చు, మీవైపు లాక్కోకూడదు. లాగితే కర్ర వెనక కాళ్ళ మీదకు తిరుగుతుంది.

లేవగానే మడవడం మొదలుపెట్టకండి. గోడ పట్టుకుని పది లెక్కపెట్టండి. కూర్చుని లేచినప్పుడు రక్తపోటు కాస్త పడి తల తేలిపోవడం పెద్ద వయసులో మామూలే, అది సర్దుకోనివ్వాలి. తర్వాత వీపు గోడకు ఆన్చి మడిచి, క్లిప్పు పడిందో లేదో చూసి, ఒకసారి నేలకు నొక్కి, అప్పుడు మొదటి అడుగు వేయండి.

నడక

ఏ కాలు నొప్పో దానికి ఎదుటి చేతిలో కర్ర ఉండాలి. కుడి మోకాలు నొప్పయితే ఎడమ చెయ్యి. కర్రా నొప్పి కాలూ కలిసి ముందుకు వెళ్తాయి, ఆ తర్వాత మంచి కాలు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు. రెండో చెయ్యి ఎప్పుడూ రెయిలింగు మీదే.

ఎక్కడ విప్పకూడదు

కదిలే బస్సులో, రైల్లో, లిఫ్టులో విప్పకండి. తడి టైల్స్ మీద, వాలు మీద, ఇసుకలో, మెత్తటి గడ్డిలో వద్దు. ఇసుకలోనూ గడ్డిలోనూ కాళ్ళు పెట్టినప్పుడు సరిగానే ఉంటాయి. మీ బరువు పడ్డాక ఒకటి దిగబడుతుంది, అది ఏ కాలో ముందు తెలియదు. మడతలు పడే చాపలు, పలుచటి కార్పెట్లు కూడా ఈ లెక్కలోవే. వానలో నడిచి లోపలికి వచ్చాక, రబ్బర్ల అడుగు పొడిబట్టతో తుడిచాకే నునుపు నేలమీద పెట్టండి.

పిల్లలు దీన్ని చూడగానే ఎక్కి ఊగుతారు. ఇంట్లో మడిచి, వాళ్ళకు అందని చోట పెట్టండి.

రబ్బర్లు, స్క్రూలు

కర్రలో ముందు అరిగేది రబ్బరు బుష్షే. అడుగున వలయాల్లా గాడులుంటాయి. అవి అరిగి నున్నబడినా, ఒక పక్కే అరిగినా, గొట్టం లోహం తెలుస్తున్నా మార్చాలి. కొత్తది కొనేటప్పుడు గొట్టం మందం, అంటే దాని అడ్డుకొలత (వ్యాసం) తెలియాలి. సన్నటి కాగితం ముక్కను గొట్టం చుట్టూ తిప్పి, కలిసినచోట గీత గీసి, స్కేలుతో కొలవండి. వచ్చినదాన్ని 3.14తో భాగిస్తే మందం వస్తుంది. చుట్టుకొలత 60 మిల్లీమీటర్లయితే గొట్టం 19 మిల్లీమీటర్లది. ఒకటే అరిగినా అన్నీ ఒకేసారి మార్చండి. కొత్త రబ్బరు పాతదానికన్నా ఎత్తుగా ఉండి సీటును ఒక పక్కకు వాల్చేస్తుంది.

నెలకోసారి స్క్రూలు బిగించండి. కీళ్ళు కిర్రుమంటే ఒకటి రెండు చుక్కల సిలికాన్ ఆయిల్ చాలు, రబ్బర్లమీద మాత్రం పడనివ్వకండి. ఎండలో, మూసిన కారులో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. సీటు పగిలితే జిగురుతో అతికించడమో టేపు చుట్టడమో చేయకండి, అతుకు పైకి బాగానే కనిపించి కూర్చున్నాక విడిపోతుంది. అదే సీటు విడిగా దొరికితే మార్పించండి, దొరక్కపోతే ఇంకెవరూ విప్పి కూర్చోకుండా కాళ్ళు తాడుతో కట్టేసి పారేయండి.