ఎండుగడ్డి బదులు గడ్డి బిళ్లలా? గుర్రానికి పెట్టే ముందు ఇవి చూడండి

అనంతపురం వైపు ఎండలు ముదిరితే మంచి గడ్డి దొరకదు. అప్పుడు అందరి చూపూ ఎండుగడ్డిని అదిమి చేసిన బిళ్లల మీదే.

– బస్తా మీద గుర్రాలకని ఉందా? కొన్ని పశువుల దాణాల్లో మోనెన్సిన్ కలుపుతారు. ఆవు తట్టుకునే ఆ మందు గుర్రం గుండెను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది.

– పొడిగా పెట్టకండి, గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది. వేళ్లతో నలిపితే గట్టి పలుకు తగలనంతగా నానాలి. ముక్కులోంచి మేత, చొంగ కారితే మేత తీసేసి డాక్టరును పిలవండి. మన ఎండకు నానినది తొందరగా పులుస్తుంది. మిగిలితే పారేయండి, పిసినారితనం వద్దు.

– డబ్బాతో కొలవకండి, నానబెట్టక ముందే తూచండి. 300 కిలోల గుర్రానికి మేతంతా కలిపి రోజుకు 5–6 కిలోలు.

– 10 రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి, లేదంటే కడుపునొప్పి.

– నమలడానికి కాస్త పొడుగు గడ్డి ఉండాల్సిందే. సెనక్కాయ కట్టె వేస్తే బూజు లేనిదే వేయండి.