పాపీ విత్తనాలు ఒకేచోట కుప్పగా పడకుండా

ఎర్ర అడవి పాపీ పూలమొక్క (శాస్త్రీయ నామం పపావర్ రియాస్) విత్తనం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వేళ్లతో చల్లితే అంతా ఒకేచోట పడి, మొలకలు ఒత్తుగా లేచి, సగం పీకి పారేయాల్సి వచ్చేది. ఇప్పుడు చిటికెడు విత్తనానికి మూడు చెంచాల సన్నటి పొడి ఇసుక కలిపి, చిల్లుల మూత ఉన్న ఉప్పు డబ్బాలో పోసి విదిలిస్తున్నాను. నల్లటి మట్టి మీద ఇసుక కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ చల్లామో తెలిసిపోతుంది. పైన మట్టి కప్పొద్దు, మొలకెత్తడానికి వెలుగు కావాలి. అరచేత్తో అదిమి, నీళ్లు తుంపరగా కొడితే చాలు.

ఇసుక కాస్త తడిగా ఉన్నా చిల్లులు మూసుకుపోతాయి. తల్లివేరు లోతుగా దిగే మొక్క, పీకి వేరేచోట నాటితే చాలావరకు బతకదు. పూలు కావాల్సిన చోటే చల్లండి.